బయలాజికల్ సైన్సెస్ విత్ ఇయర్ అబ్రాడ్: దేశం సంగతి తర్వాత, ముందు మాడ్యూల్స్ చూసుకోండి

యూకేలో బయాలజీ డిగ్రీల కోసం వెతుకుతుంటే ఒకే పేరుతో రెండు మూడు కోర్సులు కనబడతాయి, ఉత్త బయలాజికల్ సైన్సెస్ ఒకటి, పక్కనే విత్ ఇయర్ అబ్రాడ్ అని ఒకటి, ఇంకా విత్ ఇండస్ట్రియల్ ప్లేస్‌మెంట్ అని మరోటి. ఆ రెండోది చూడగానే చాలామందికి ఆస్ట్రేలియా బీచో కాలిఫోర్నియా ఎండో కళ్ళ ముందు మెదిలి టక్కున టిక్ పెట్టేస్తారు. నేనూ అంతే చేశా లెండి. చివరికి నాకు వచ్చింది స్వీడన్, నవంబర్‌లో మధ్యాహ్నం మూడు దాటిందంటే చీకటే. అయినా నా డిగ్రీ మొత్తంలో బాగా చదివిన ఏడాది అదే, అక్కడ నాకు కావాల్సిన కోర్సులు దొరికాయి కాబట్టి. నాతో పాటు ఎగబడి మంచి మంచి ఊళ్ళు కొట్టేసినవాళ్ళలో కొందరు అక్కడ పనికొచ్చే మాడ్యూల్ (అంటే ఒక్కో సబ్జెక్ట్ పేపర్) దొరక్క, సెకండియర్‌లో చదివిందే మళ్ళీ చదివొచ్చారు. అందుకే ఈ పోస్ట్ మొత్తం ఒకటే చెప్తా, దేశం చూసి కోర్సులు వెతక్కండి, కోర్సులు చూసి దేశం వెతకండి. ఎప్పుడు ఏం చేయాలో వరసగా రాస్తున్నా.

ముందు ఈ కోర్సు అసలు ఎలా ఉంటుందో

ఇంగ్లండ్‌లో మామూలు డిగ్రీ మూడేళ్ళు. ఇయర్ అబ్రాడ్ ఉంటే నాలుగేళ్ళు, మొదటి రెండేళ్ళు మీ యూనివర్సిటీలో, మూడో ఏడాది బయట, నాలుగో ఏడాది వెనక్కొచ్చి ఫైనల్ ఇయర్. స్కాట్లండ్‌లో ఆనర్స్ డిగ్రీ ఎలాగూ నాలుగేళ్ళే కాబట్టి అక్కడ మామూలుగా ఆ నాలుగేళ్ళలోనే మూడో ఏడాది బయటికి పంపుతారు, అదనంగా ఇంకో ఏడాది పట్టదు. డబ్బు లెక్క వేసుకునేవాళ్ళకి ఇది చిన్న తేడా కాదు.

ఇక ప్లేస్‌మెంట్ ఇయర్ వేరే సంగతి, అందులో కంపెనీలోనో రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లోనో ఏడాదంతా పని చేస్తారు. ఇయర్ అబ్రాడ్ అంటే అక్కడి యూనివర్సిటీలో స్టూడెంట్‌గా కూర్చుని చదవడం. కొన్ని చోట్ల బయట దేశంలో ల్యాబ్ ప్రాజెక్ట్ కూడా ఒప్పుకుంటారు, అలాంటి డిపార్ట్‌మెంట్ దొరికితే మాత్రం వదలకండి.

అప్లై చేసేటప్పుడు

యూకే డిగ్రీలకి అందరూ అప్లై చేసే సైట్ యూకాస్, అందులో ఐదు ఛాయిస్‌లు ఉంటాయి. మూడేళ్ళ కోర్సుకి ఒక కోడ్, ఇయర్ అబ్రాడ్ ఉన్నదానికి వేరే కోడ్. బయటికి వెళ్ళాలని కొంచెమైనా మనసులో ఉంటే మొదట్లోనే నాలుగేళ్ళ కోడ్ పెట్టేయండి. తర్వాత వద్దనుకుంటే మూడేళ్ళకి దిగడం మామూలుగా తేలికే, మూడేళ్ళ నుంచి నాలుగుకి ఎక్కడంలోనే తిరకాసు అంతా, ముఖ్యంగా వీసా మీద వచ్చినవాళ్ళకి. అది వీసా దగ్గర చెప్తా.

పర్సనల్ స్టేట్‌మెంట్ 2026 ఎంట్రీ నుంచి మారింది, ఒకే పొడుగాటి వ్యాసం కాకుండా మూడు ప్రశ్నలు, మొత్తం కలిపి 4,000 క్యారెక్టర్లు, ఒక్కో ప్రశ్నకి కనీసం 350. ఈ కోర్సే ఎందుకు, ఇప్పటిదాకా చదివింది దీనికి ఎలా పనికొస్తుంది, చదువు బయట ఇంకేం చేశారు, అంతే. ఇక్కడ చాలామంది చేసే పని ఏంటంటే కొత్త సంస్కృతులు, కొత్త మనుషులు అంటూ సగం పేజీ నింపేస్తారు. చదివేవాళ్ళు బయాలజీ వాళ్ళండీ, టూరిజం వాళ్ళు కాదు. బయటికి వెళ్ళడం గురించి ఒక్క వాక్యం చాలు, అది కూడా సబ్జెక్ట్‌కి ముడిపెట్టి రాయండి. పగడపు దిబ్బల ఎకాలజీ మీద ఇష్టం ఉందని చెప్పి, ఆ పార్ట్‌నర్ యూనివర్సిటీకి సముద్రంలో రీసెర్చ్ స్టేషన్ ఉందని తెలుసుకుని రాస్తే, ఆ ఒక్క వాక్యమే మీరు హోంవర్క్ చేశారని చెప్పేస్తుంది.

ఇంకోటి, ఆఫర్లు వచ్చాక ఓపెన్ డేలో ఈ రెండు ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగండి: పోయినేడాది బయాలజీ వాళ్ళు ఎంతమంది ఏయే యూనివర్సిటీలకి వెళ్ళారు? బయటి ఏడాది మార్కులు డిగ్రీలో కలుస్తాయా లేదా? వెబ్‌సైట్‌లో పార్ట్‌నర్ల లిస్టు వంద పేర్లతో ఉండొచ్చు, అందులో బయాలజీకి ఒప్పందం ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే ఉండొచ్చు.

ఫస్టియర్‌ని తేలిగ్గా తీసుకోకండి

యూకేలో అందరూ చెప్పే మాట ఒకటుంది, ఫస్టియర్ మార్కులు లెక్కలోకి రావు, 40 వచ్చి పాసైతే చాలు అని. డిగ్రీ క్లాసిఫికేషన్ వరకు చాలా చోట్ల అది నిజమే. కానీ ఇయర్ అబ్రాడ్ సీట్లు పంచేది సెకండియర్ మొదటి టర్మ్‌లో, అప్పటికి వాళ్ళ చేతిలో ఉండేవి ఫస్టియర్ మార్కులు మాత్రమే! చాలా డిపార్ట్‌మెంట్లు 60 శాతం, అంటే టూ-వన్ (ఫస్ట్ క్లాస్ తర్వాతి మెట్టు), దాటాలంటాయి, అందరూ కోరుకునే చోటికైతే పోటీ వల్ల ఆ గీత ఇంకా పైకి పోతుంది. నా ఫ్రెండ్ ఒకడు ఫస్టియర్‌లో 57 తెచ్చుకుని సెకండియర్‌లో 72 కొట్టాడు, ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

సెకండియర్ క్యాలెండర్ ఉరామరిగా ఇలా ఉంటుంది: అక్టోబర్‌లో మీటింగ్, నవంబర్ డిసెంబర్లలో ఛాయిస్‌లు ఇవ్వడం, కొత్త సంవత్సరం మొదట్లో మీ యూనివర్సిటీ మీ పేరు అక్కడికి పంపడం, వసంతంలో అక్కడి యూనివర్సిటీకి మీరు మళ్ళీ అప్లై చేయడం, ఎండాకాలంలో వీసా. అంటే వెళ్ళడానికి తొమ్మిది పది నెలల ముందే ఛాయిస్ ఇచ్చేయాలి. అక్టోబర్ మీటింగ్‌కి ఖాళీ చేతుల్తో వెళ్తే, అక్కడ సీనియర్లు చూపించే ఫొటోలే మీ నిర్ణయం తీసేసుకుంటాయి.

అసలు పని: యూనివర్సిటీ ఎంచుకోవడం

ఒక తెల్ల కాగితం తీసుకోండి. కింద మీరు ఫైనల్ ఇయర్‌లో తీసుకోవాలనుకుంటున్న మాడ్యూల్స్ రాయండి, ఒక్కోదానికి ముందుగా ఏం చదివుండాలో డిపార్ట్‌మెంట్ హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది, అది పక్కన రాయండి. పైన ఇప్పటిదాకా చదివినవి రాయండి. మధ్యలో ఖాళీ ఉంటుంది చూశారా, మీరు బయట నింపుకురావాల్సింది దాన్నే. ఆ ఖాళీలో సాధారణంగా రెండు రకాలు ఉంటాయి, తప్పకుండా ఉండాల్సినవి (స్టాటిస్టిక్స్, కొన్ని చోట్ల మాలిక్యులర్ ల్యాబ్ టెక్నిక్స్), ఇంకా మీ యూనివర్సిటీలో అసలు చెప్పనివి. రెండో రకం కోసమే అసలు వెళ్ళాల్సింది.

నా విషయంలో మొక్కల గుర్తింపు. మా డిపార్ట్‌మెంట్‌లో జీన్లు, ప్రోటీన్లు, సెల్ సిగ్నలింగ్ దంచికొట్టేవాళ్ళు కానీ కిటికీ బయట ఉన్న చెట్టు పేరేంటంటే క్లాసులో సగం మందికి తెలీదు, నాతో సహా. స్వీడన్ అంటే లిన్నేయస్ పుట్టిన దేశం, జీవులకి రెండు పదాల పేర్లు పెట్టే పద్ధతిని నిలబెట్టినాయన, ఉప్సలాలో ఆయన తోట ఇప్పటికీ ఉంది. ఆ సంప్రదాయం వల్లో ఏమో గానీ అక్కడ ఫ్లోరా కోర్సులు, అంటే మొక్కల్ని గుర్తుపట్టడం నేర్పేవి, ఇంకా గట్టిగానే చెప్తున్నారు.

సముద్రం మీద ఇష్టం ఉంటే ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ వైపు చూడండి, టౌన్స్‌విల్‌లోని జేమ్స్ కుక్ యూనివర్సిటీకి ఆర్ఫియస్ ఐలాండ్‌లో, యూనివర్సిటీ ఆఫ్ క్వీన్స్‌లాండ్‌కి హెరాన్ ఐలాండ్‌లో రీసెర్చ్ స్టేషన్లు ఉన్నాయి, రెండూ గ్రేట్ బారియర్ రీఫ్ మీదే. ఫ్రాన్స్‌లో అయితే రోస్కోఫ్, అక్కడా సముద్ర జీవుల రీసెర్చ్ స్టేషన్ ఉంది. మొక్కలు, వ్యవసాయం వైపు అయితే నెదర్లాండ్స్‌లో వాహెనింగెన్ యూనివర్సిటీ. ఇవన్నీ మీ డిపార్ట్‌మెంట్‌కి పార్ట్‌నర్లు అయ్యుండాలని లేదు, ఏ సబ్జెక్ట్‌కి ఏ ఊరు అని ఆలోచించాలని చెప్పడానికి రాశా అంతే.

ఇప్పుడు ఎవరూ ముందు చెప్పని కొన్ని సంగతులు. మొదటిది, భాష. స్వీడన్, జర్మనీ లాంటి చోట్ల డిగ్రీ స్థాయి బయాలజీ ఎక్కువగా వాళ్ళ భాషలోనే చెప్తారు, ఇంగ్లీష్‌లో చెప్పేది ఎక్కువగా మాస్టర్స్ స్థాయిలో. కాబట్టి మీరు వెళ్ళి కూర్చునేది మాస్టర్స్ వాళ్ళ మధ్య కావచ్చు, దాని ప్రీరిక్విజిట్స్ మీకు ఉన్నాయో లేవో ముందే చూసుకోవాలి. కోర్సు పేరు ఇంగ్లీష్‌లో ఉందని పాఠం కూడా ఇంగ్లీష్‌లో ఉంటుందనుకోకండి, పేజీలో బోధనా భాష అని వేరేగా రాసుంటుంది, అది చూడండి.

రెండోది, చెప్పే తీరు. స్వీడన్‌లో చాలా చోట్ల ఒకసారి ఒకే కోర్సు నడుస్తుంది, ఐదు వారాలో పది వారాలో అదే పని, పరీక్ష రాసి మర్నాడో ఆ వచ్చే సోమవారమో ఇంకోటి మొదలు. నాకు ఇది తెగ నచ్చింది, బుర్ర ఒకే చోట ఉంటుంది. జర్మనీలో ల్యాబ్ కోర్సులు తరచుగా బ్లాక్‌గా పెడతారు, కొన్ని వారాల పాటు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ల్యాబే. కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లలో బర్క్‌లీ, మర్సెడ్ తప్ప మిగతావి క్వార్టర్ పద్ధతి, పది వారాల పాఠాలు, మూడో నాలుగో వారానికే మిడ్‌టర్మ్, ఊపిరి పీల్చుకునే లోపు ఫైనల్స్. యూకేలో ఏడాదంతా మెల్లగా తిరిగి మే నెలలో మీద పడి చదివే అలవాటు ఉన్నవాళ్ళు అక్కడ మొదటి క్వార్టర్‌లోనే దెబ్బతింటారు.

మూడోది, తేదీలు. ఆస్ట్రేలియాలో సెకండ్ సెమిస్టర్ జూలైలో మొదలవుతుంది, మీ సెకండియర్ పరీక్షలు జూన్‌లో అయిపోతాయి, మధ్యలో నెల కూడా ఉండదు. ఒక పేపర్ పోయిందనుకోండి, యూకేలో రీసిట్లు మామూలుగా ఆగస్ట్‌లో, అప్పటికి మీరు బ్రిస్బేన్‌లో క్లాసులో ఉండాలి. ఇంకో పక్క జర్మనీలో ఎండాకాలం సెమిస్టర్ పాఠాలు జూలై దాకా నడుస్తాయి, ఆ తర్వాత పరీక్షలంటే ఎండాకాలం ఇంటర్న్‌షిప్ ఆశలు వదులుకోవడమే. ఫీల్డ్ కోర్సులకైతే రుతువు కూడా చూడాలి, భూమధ్యరేఖకి దక్షిణాన సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా వసంతం, పక్షుల గూళ్ళు అప్పుడే. స్వీడన్‌లో మొక్కల ఫీల్డ్ వర్క్ అసలు సీజన్ మే, జూన్. ఒక్క సెమిస్టరే వెళ్ళే వీలుంటే ఏ సెమిస్టర్ అన్నదాన్ని బట్టే మీకు మొక్కలు కనబడతాయో మంచు కనబడుతుందో తేలుతుంది.

లెర్నింగ్ అగ్రిమెంట్

మీరు అక్కడ ఏం చదువుతారో మీరు, మీ యూనివర్సిటీ, వాళ్ళ యూనివర్సిటీ కలిసి సంతకాలు పెట్టే కాగితం ఇది. లెక్క సింపుల్, యూకేలో ఏడాదికి 120 క్రెడిట్లు, యూరప్‌లో 60 ఈసీటీఎస్ (అక్కడి క్రెడిట్ల పేరు), రెండు యూకే క్రెడిట్లకి ఒక ఈసీటీఎస్. మిగతా దేశాల లెక్కలకి మీ యూనివర్సిటీలో ఇయర్ అబ్రాడ్ చూసే ఆఫీస్ దగ్గర టేబుల్ ఉంటుంది.

నా తప్పు ఇక్కడే. సరిగ్గా సరిపోయేట్టు నాలుగు కోర్సులు రాసి సంతకం పెట్టించుకుని హాయిగా నిద్రపోయా. ఆగస్ట్ ఆఖర్లో అక్కడ దిగాక మెయిల్ వచ్చింది, జనం చాలక స్టాటిస్టిక్స్ కోర్సు రద్దు. దాని బదులు చూపించింది స్వీడిష్‌లో ఉంది! ఆ స్టాటిస్టిక్స్ లేకపోతే నా ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌కి అర్హత లేదు. పది రోజులు మెయిళ్ళ మీద మెయిళ్ళు, చివరికి వేరే డిపార్ట్‌మెంట్‌లో ఆర్ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌తో ఎకాలజీ డేటా విశ్లేషణ అని ఇంగ్లీష్‌లో ఒకటి ఉంటే, దాని సిలబస్ మా లెక్చరర్‌కి పంపి ఇది సరిపోతుందని ఆయన చేత మెయిల్‌లో రాయించుకుని బతికా. అందుకే ప్రతి కోర్సుకి బదులుగా ఇంకోటి ముందే చూసిపెట్టుకోండి, రెండోదాని సిలబస్ పీడీఎఫ్ కూడా దింపి ఉంచుకోండి, అవి వెబ్‌సైట్‌లోంచి ఎప్పుడు మాయమవుతాయో తెలీదు. ఫోన్‌లోనో కారిడార్‌లోనో ఎవరైనా పర్వాలేదులే అంటే దాన్ని నమ్ముకోకండి, పాపం వాళ్ళు మంచివాళ్ళే, కానీ వచ్చే ఏడాది ఆ సీట్లో ఇంకొకరు ఉంటారు.

మార్కుల సంగతి

కొన్ని యూనివర్సిటీలు బయటి ఏడాదిని పాస్ లేదా ఫెయిల్‌గానే చూస్తాయి, కొన్ని కొద్ది శాతం డిగ్రీలో కలుపుతాయి. కలిపే చోట మార్చే టేబుల్ ముందే తెచ్చుకోండి. జర్మనీలో 1.0 అంటే అందరికంటే పైన, 4.0 అంటే బొటాబొటీ పాస్, మొదటిసారి 1.3 చూసి ఏడ్చినవాళ్ళున్నారు. ఫ్రాన్స్‌లో 20కి 14 వస్తే బాగా చదివినట్టే. స్వీడన్‌లో చాలా కోర్సులకి మూడే మెట్లు, ఫెయిల్, పాస్, బాగా పాస్. ఆ పాస్‌ని మీ యూనివర్సిటీ 55 అంటుందో 62 అంటుందో దాన్ని బట్టి నవంబర్ చీకట్లో ఎంత కష్టపడాలో నిర్ణయించుకోవచ్చు.

డబ్బు

ఎక్స్చేంజ్ మీద వెళ్తే అక్కడి యూనివర్సిటీకి ట్యూషన్ ఫీజు కట్టక్కర్లేదు, మీ యూనివర్సిటీకే కడతారు. ఇంగ్లండ్‌లో హోమ్ స్టూడెంట్లకి (అక్కడివాళ్ళకి) ఏడాదంతా బయట ఉంటే మామూలు ఫీజులో 15 శాతమే వసూలు చేయాలి, 2025-26లో అది గరిష్ఠంగా 1,430 పౌండ్లు. ఇంటర్నేషనల్ స్టూడెంట్లకి ఈ పరిమితి లేదు, ఒక్కో చోట ఒక్కోలా తీసుకుంటారు, కాబట్టి ఆఫర్ ఒప్పుకునే ముందే ఆ అంకె మెయిల్‌లో తెప్పించుకోండి. నాలుగేళ్ళ ఖర్చులో పెద్ద తేడా వచ్చేది ఇక్కడే.

గ్రాంట్ల సంగతికొస్తే, యూకే ఎరాస్మస్ ప్లస్ (యూరోపియన్ యూనియన్ స్టూడెంట్ ఎక్స్చేంజ్ పథకం) నుంచి బయటికొచ్చాక దాని బదులు 2021లో ట్యూరింగ్ స్కీమ్ పెట్టారు, 2027లో మళ్ళీ ఎరాస్మస్ ప్లస్‌లో చేరుతున్నట్టు ప్రకటించారు. మీరు వెళ్ళే ఏడాదికి ఏది వర్తిస్తుందో ఆఫీస్‌లో అడగండి. ట్యూరింగ్‌కి అప్లై చేసేది యూనివర్సిటీ, మీరు కాదు, ఎంత వస్తుందో తేలేసరికి ఎండాకాలం అవుతుంది, కాబట్టి అది వస్తుందన్న ధైర్యంతో రూమ్ అడ్వాన్స్ కట్టకండి.

వీసాలు, రెండు వైపులా

యూకే స్టూడెంట్ వీసా మీ కోర్సు ఎన్నేళ్ళయితే దానికి తగ్గట్టు ఇస్తారు. నాలుగేళ్ళ కోర్సుకి వచ్చుంటే బయట ఉన్న ఏడాది కూడా మీ యూనివర్సిటీయే స్పాన్సర్‌గా ఉంటుంది, వీసా బతికే ఉంటుంది. మూడేళ్ళ కోర్సుకి వచ్చి మధ్యలో ఇయర్ అబ్రాడ్ కలుపుకుంటే ఆ ఏడాదికి మళ్ళీ వీసా పొడిగింపు, మళ్ళీ ఫీజు, మళ్ళీ హెల్త్ సర్‌ఛార్జ్ (స్టూడెంట్‌కి ఏడాదికి 776 పౌండ్లు). అటుది ఇటు, నాలుగు నుంచి మూడుకి దిగితే వీసా కూడా కత్తిరిస్తారు. అన్నట్టు నాలుగేళ్ళ వీసా తీసుకున్నవాళ్ళు ఎన్‌హెచ్‌ఎస్‌కి (యూకే ప్రభుత్వ వైద్యానికి) ఆ సర్‌ఛార్జ్ బయటి ఏడాదికి కూడా కట్టేసి ఉంటారు, ఆ డబ్బు అక్కడ పైసా పనికిరాదు, వేరే ఇన్సూరెన్స్ తీసుకోవాల్సిందే.

వెళ్ళే దేశం వైపు చూస్తే, అమెరికాకి ఎక్స్చేంజ్ వాళ్ళకి జే-1 వీసా, దానికి అక్కడి యూనివర్సిటీ పంపే డీఎస్-2019 ఫారం కావాలి. ఆస్ట్రేలియాకి సబ్‌క్లాస్ 500 స్టూడెంట్ వీసా, దాంతో పాటు వాళ్ళ స్టూడెంట్ హెల్త్ కవర్. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద యూరప్ వెళ్తుంటే టూరిస్ట్ షెంగెన్ సరిపోదు, ఆ దేశపు లాంగ్ స్టే వీసానో రెసిడెన్స్ పర్మిటో తీసుకోవాలి. యూకేలో ఉంటున్న రుజువు అడుగుతారు, 2024 ఆఖరుతో బీఆర్‌పీ (రెసిడెన్స్ పర్మిట్) కార్డుల కాలం చెల్లింది కాబట్టి ఇప్పుడు ఈ-వీసా అకౌంట్‌లోంచి షేర్ కోడ్ తీసి ఇవ్వడమే. బయట ఉండగా పాస్‌పోర్ట్ మార్చుకుంటే కొత్త నెంబర్ ఆ అకౌంట్‌లో ఎక్కించడం మర్చిపోకండి, లేదంటే వెనక్కొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్ట్ కౌంటర్ దగ్గర చెమటలు పడతాయి.

స్వీడన్ వెళ్ళేవాళ్ళకి ఒక ముక్క. అక్కడ దేనికైనా పర్సనల్ నెంబర్ అడుగుతారు, అది ఏడాది లేదా అంతకు మించి ఉండేవాళ్ళకే ఇస్తారు. చదువుల ఏడాది పది నెలలే కాబట్టి మీకు రాదు, అది లేకుండా బ్యాంక్ అకౌంట్ తెరవడం నరకం. యూకే అకౌంట్ కార్డుతోనే ఏడాదంతా నెట్టుకొచ్చా.

వెళ్ళే ముందు టీకాలు, వెళ్ళాక ల్యాబ్‌లు

ఫీల్డ్ వర్క్ ఉంటే డాక్టర్ దగ్గరికి వసంతంలోనే వెళ్ళండి. స్వీడన్‌లో ఉప్సలా, స్టాక్‌హోమ్ చుట్టుపక్కల, జర్మనీ దక్షిణాన గోమార్ల నుంచి మెదడువాపు జబ్బు ఒకటి వస్తుంది, టీబీఈ అంటారు. టీకా ఉంది కానీ మూడు డోసులు, మొదటిదానికీ రెండోదానికీ మధ్య నెల నుంచి మూడు నెలలు పడుతుంది, ప్రయాణం వారం ముందు గుర్తొస్తే లాభం లేదు. అదే గోమార్ల నుంచి వచ్చే లైమ్ జబ్బుకి ఈ టీకా పనిచేయదు, కాబట్టి సాయంత్రం ఇంటికొచ్చి మోకాళ్ళ వెనక, చంకల్లో చూసుకునే అలవాటు చేసుకోవాలి.

యూకేలో చేసిన ల్యాబ్ సేఫ్టీ ట్రైనింగ్ అక్కడ చెల్లదు. సూక్ష్మజీవులతో పనిచేసే ల్యాబ్‌ల భద్రతా స్థాయిల్లో ఇక్కడ కంటైన్‌మెంట్ లెవెల్ 2 అన్నదాన్ని అమెరికాలో బయోసేఫ్టీ లెవెల్ 2 అంటారు, ఆస్ట్రేలియాలో పీసీ2, సంగతి దగ్గర దగ్గరగా ఒకటే అయినా ఇండక్షన్ మళ్ళీ చేయాల్సిందే. అది మొదటి వారంలోనే పెడతారు, మిస్సయితే తర్వాతిది జరిగేదాకా ల్యాబ్‌లోకి రానివ్వరు.

ఆస్ట్రేలియా వెళ్ళేవాళ్ళు ఫీల్డ్ బూట్లు బ్రష్‌తో రుద్ది రుద్ది కడగండి, అరికాలి గాడుల్లో ఉన్న మట్టితో సహా, దిగాక ఇచ్చే ఫారంలో ఉన్నాయని రాయండి. మట్టి, విత్తనాలు వాళ్ళ బయోసెక్యూరిటీకి బద్ధ శత్రువులు. అలాగే వచ్చేటప్పుడు ఒక ఆకో పురుగో గవ్వో దాచిపెట్టి తెచ్చుకోవడం వద్దు. జన్యు వనరుల మీద 2014లో అమల్లోకి వచ్చిన నగోయా ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది, దేశాల సొంత చట్టాలు ఉన్నాయి, శాంపిల్ దాటించాలంటే సూపర్‌వైజర్ పర్మిట్లతో చేయించాల్సిన పని అది.

స్వీడన్‌లో మొదటి రోజు పది గంటల క్లాస్ అంటే పదింటికి వెళ్ళి కూర్చున్నా, గదిలో నేనొక్కదాన్నే, తప్పు బిల్డింగ్‌కి వచ్చానేమోనని బయటికి పరిగెత్తా. అక్కడ అకడమిక్ క్వార్టర్ అని ఒక ఆచారం, టైమ్‌టేబుల్‌లో పది అని ఉంటే పదీ పావుకి మొదలు. ఇంకోటి, లెక్చరర్లని పేరు పెట్టే పిలుస్తారు, సర్ అంటే వెనక్కి తిరిగి చూస్తారు ఎవర్నో అని.

ఫ్లోరా కోర్సు అక్టోబర్‌లో ఒక రోజు చిత్తడి నేల మీదికి తీసుకెళ్ళారు. అడుగు వేస్తే నేల పరుపులా దిగుతుంది. టీచర్ ఒక గుప్పెడు స్ఫాగ్నమ్ నాచు పీకి నా చేతిలో పెట్టి పిండమంది, పిండితే తడిగుడ్డ పిండినట్టు నీళ్ళు మోచేతి దాకా కారాయి, వేళ్ళు చలికి కొయ్యబారిపోయాయి. మధ్యాహ్నం అదే నాచు ఆకు ఒకటి మైక్రోస్కోప్ కింద పెడితే అప్పుడు అర్థమైంది, పెద్ద పెద్ద ఖాళీ సెల్స్, లోపల ఏమీ లేదు, గోడలకి రంధ్రాలు, వాటి మధ్య సందుల్లో సన్నగా పచ్చటి బతికున్న సెల్స్. ఆ ఖాళీ సెల్స్‌లోనే నీళ్ళు దాస్తుంది, తన ఎండు బరువుకి ఇరవై రెట్ల దాకా. మా యూనివర్సిటీలో ఇది స్లైడ్ మీద ఒక బుల్లెట్ పాయింట్. నేను కాగితం మీద రాసుకున్న ఆ ఖాళీ ఇలా నిండింది.

ఉండగానే చేసుకోవాల్సిన పనులు

మీ యూనివర్సిటీ అప్పుడప్పుడు చెక్-ఇన్ మెయిల్ పంపుతుంది, వీసా మీద ఉన్నవాళ్ళు దానికి తప్పకుండా జవాబివ్వాలి, స్పాన్సర్‌గా వాళ్ళు మీ లెక్క చూపించాలి కాబట్టి. చేరిన వారంలో అరైవల్ ఫారం సంతకం చేయించి పంపండి.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ ఛాయిస్‌లు మీరు బయట ఉండగానే, ఫిబ్రవరి నుంచి మే మధ్యలో ఎప్పుడో వస్తాయి. ఇక్కడ ఉన్నవాళ్ళు సూపర్‌వైజర్ గదికి వెళ్ళి మాట్లాడేసుకుంటారు, మీరు కనబడరు కాబట్టి మిమ్మల్ని మర్చిపోతారు. జనవరిలోనే మీకు నచ్చిన ఇద్దరు ముగ్గురికి మెయిల్ రాయండి, అక్కడ ఏం నేర్చుకున్నారో రెండు లైన్లు, వీడియో కాల్‌కి పావుగంట అడగండి. ఇల్లు కూడా అంతే, చాలా ఊళ్ళలో ఫైనల్ ఇయర్ ఇళ్ళకి నవంబర్ నుంచే అగ్రిమెంట్లు అయిపోతుంటాయి, మీతో చదివిన మూడేళ్ళ కోర్సు వాళ్ళు మీరు వచ్చేసరికి పాసై వెళ్ళిపోయుంటారు. మీలాగే బయటికెళ్ళిన వాళ్ళతో, ప్లేస్‌మెంట్‌కి వెళ్ళిన వాళ్ళతో ముందే ఒక గ్రూప్ కట్టుకోండి.

బయల్దేరే ముందు ట్రాన్‌స్క్రిప్ట్ ఎప్పుడు పంపుతారో, ఎవరు పంపుతారో ఆఫీస్‌లో అడిగి ఆ మనిషి మెయిల్ ఐడీ రాసుకోండి. నాది జూన్‌లో రావాల్సింది సెప్టెంబర్‌లో వచ్చింది, అప్పటిదాకా ఫైనల్ ఇయర్ రిజిస్ట్రేషన్ ప్రొవిజనల్‌గానే ఉంది. ల్యాబ్‌లోనో ఫీల్డ్‌లోనో మిమ్మల్ని దగ్గరగా చూసిన టీచర్‌ని రెఫరెన్స్ అక్కడ ఉండగానే అడగండి, మొహం గుర్తున్నప్పుడే. ఇంకా రూమ్ అడ్వాన్స్ చేతికొచ్చేదాకా అక్కడ తెరిచిన బ్యాంక్ అకౌంట్ ఏదైనా ఉంటే మూసేయకండి.